వార్తల్లో పదం: రిఫ్లెక్స్ టెస్ట్

ఒక పరీక్షలో పాజిటివ్ వస్తే, అదే రక్త నమూనాతో ల్యాబే వెంటనే తర్వాతి పరీక్ష చేసేయడం రిఫ్లెక్స్ టెస్ట్. మళ్లీ రమ్మంటే చాలామంది రారు మరి! హెపటైటిస్ బి ఉన్నవాళ్లలో హెపటైటిస్ డిని పట్టుకోవడానికి ఈ పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 మార్గదర్శకాల్లో సూచించింది.

డి వైరస్ సొంతంగా నెగ్గుకురాలేదు. బి వైరస్ పైపొరను అరువు తెచ్చుకుంటేనే కాలేయ కణాల్లోకి చొరబడగలదు. అందుకే బి వైరస్‌ను పట్టిచ్చే హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్షలో పాజిటివ్ వచ్చిన నమూనాలో ముందు డి యాంటీబాడీల కోసం చూస్తారు. కనబడితే, వైరస్ ఇంకా ఒంట్లో ఉందో, ఎప్పుడో వచ్చిపోయిందో ఆర్‌ఎన్‌ఏ పరీక్షతో తేలుస్తారు. బి, డి వైరస్‌లు రెండూ కలిస్తే సిర్రోసిస్, కాలేయ క్యాన్సర్ ముప్పు బాగా పెరుగుతుంది. బికి వాడే టెనోఫోవిర్ వంటి మాత్రలు డిపై పెద్దగా పనిచేయవు. బి ఉన్నవాళ్లు తమ పాత రిపోర్టుల్లో ‘యాంటీ హెచ్‌డీవీ’ (డి యాంటీబాడీల) పరీక్ష ఉందో లేదో డాక్టరును అడగవచ్చు.