చేతికి అక్షరాభ్యాసం చేసిన పేకాట

కంప్యూటరు ముందు మొట్టమొదటిసారి కూర్చున్న పెద్దమనిషిని గమనించండి. మౌస్‌ను చేతికిచ్చి, తెరమీది బాణాన్ని ఫలానా బొమ్మపైకి తీసుకుపొమ్మంటే, ఆయన దానిని గాలిలోకి ఎత్తి తెరవైపు చూపుతాడు. లేదా బల్ల అంచుదాకా జరిపి, ఇక చోటు లేదే అని దిగాలుపడతాడు. ఇందులో నవ్వవలసినది ఏమీ లేదు. చెయ్యి బల్లమీద కదులుతున్నది. బాణం ఎదుట నిలబడిన తెరమీద కదులుతున్నది. చెయ్యి ముందుకు పోతే బాణం పైకి పోతుంది. చూపు ఒకచోట, చెయ్యి మరొకచోట ఉంచి రెండింటినీ పొందించడం పుట్టుకతో వచ్చే విద్య కాదు. ఏ బడిలోనూ పనిగట్టుకుని నేర్పే విద్యా కాదు. గత శతాబ్దపు చివరి దశకంలో కోట్లాదిమందికి దీనిని నేర్పిన గురువు ఒక పేకాట అంటే, నమ్మశక్యంగా ఉండకపోవచ్చు.

మౌస్ అప్పటికే పాతబడిన వస్తువు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహించగా, ఆయన సహచరుడు బిల్ ఇంగ్లీష్ 1964లో తొలి నమూనాను తయారుచేశాడు. చిన్న కొయ్యపెట్టె, దాని అడుగున ఒకదానికొకటి లంబంగా అమర్చిన రెండు లోహపు చక్రాలు, పైన ఒక మీట, తోకవంటి తీగ. అంతే. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో నిండుసభ ఎదుట దీనిని ప్రదర్శించారు. 1970లో పేటెంటు వచ్చింది, దానిమీద ఎంగెల్‌బార్ట్‌కు రాయల్టీ మాత్రం రాలేదు. గణపతి వాహనానికి ఇన్నాళ్లకు కొత్త కొలువు దొరికిందని మనవారు చమత్కరించడం ఆ తరువాత చాలాకాలానికి.

1984 జనవరిలో ఆపిల్ సంస్థ మెకింటాష్‌ను విడుదల చేసినప్పుడు, మౌస్‌ను ఎన్నడూ ముట్టనివారికే ఆ యంత్రాన్ని అమ్మవలసి వచ్చింది. అందుచేత పెట్టెలో ఒక పాఠాల డిస్కును, దానికి తోడుగా ఒక ఆడియో కేసెట్టును కూడా పెట్టారు. కేసెట్టు మాట్లాడుతుంటే, చెయ్యి అభ్యాసం చేస్తుంది. అదే యంత్రంలో అంకెల గడులను జరిపే చిన్న పజిలు కూడా ఉండేది. పెద్దల పనికి ఉద్దేశించిన యంత్రంలో ఆట ఏమిటని సంస్థలో కొందరు అభ్యంతరం చెప్పగా, ఆండీ హెర్ట్స్‌ఫెల్డ్ అనే ఇంజనీరు ఆరువేల బైట్లకు మించిన ఆ ప్రోగ్రామును సుమారు 600 బైట్లకు కుదించి దానిని బతికించుకున్నాడు. ఆటకు గౌరవం లేకపోవడం మన దేశానికే పరిమితం కాదన్నమాట.

అసలు పేకాట వచ్చింది 1990 మేలో, విండోస్ 3.0తో. దానిపేరు సాలిటేర్. ఒంటరిగా ఆడుకునే పాత ఆటే. మైక్రోసాఫ్ట్‌లో శిక్షణార్థిగా ఉన్న వెస్ చెర్రీ దానిని రచించాడు. యజమాని వెనుకనుంచి వస్తే ఒక మీట నొక్కగానే లెక్కల పట్టిక ప్రత్యక్షమయ్యే ఏర్పాటు కూడా చేశాడట, సంస్థ దానిని తీయించివేసింది. ఆటకు గాను అతనికి ప్రత్యేకంగా ప్రతిఫలమేమీ ముట్టలేదు.

ఈ ఆటలో విశేషం ఎక్కడున్నదో చూడండి. ఎర్ర ఎనిమిదిపై నల్ల ఏడును వేయాలి. అందుకు బాణాన్ని ముక్కమీదికి తేవాలి, మీట నొక్కాలి, నొక్కిన వేలు ఎత్తకుండా ముక్కను ఈడ్చుకుపోవాలి, సరైన చోట వేలు ఎత్తాలి. ఫైలును ఒక అరనుంచి మరొక అరలోకి మార్చడానికి కావలసిన విద్య అక్షరాలా ఇదే. కానీ ఫైలు విషయంలో చెయ్యి తడబడితే అది ఎక్కడికి పోయిందోనని గుండె గుభేలుమంటుంది. ఇక్కడ తప్పుచోట వదిలితే ముక్క బుద్ధిగా తన చోటికి వెళ్లిపోతుంది, ఎవరూ మందలించరు. పొరపాటుకు దండన లేని బడి అది. గెలిస్తే ముక్కలన్నీ తెరనిండా గెంతులు వేస్తాయి. 1992లో విండోస్ 3.1తో వచ్చిన మందుపాతరల ఆట ఇంకొక మెట్టు ఎక్కించింది. చిన్నచిన్న గడులపై గురి నిలపడం, ఎడమ మీటకూ కుడి మీటకూ గల తేడా గ్రహించడం అందులో అలవడ్డాయి.

సాలిటేర్ ముక్కలకు రూపకల్పన చేసినది సూజన్ కేర్. మెకింటాష్ తెరమీది తొలి బొమ్మలు కూడా ఆమెవే. ఆమె వాటిని మొదట గళ్ల కాగితంపై, అడ్డం 32 గడులు, నిలువు 32 గడులు తీసుకుని, ఒక్కొక్క గడి నింపుతూ గీసింది. ఈ మాట వినగానే సూరత్ గుర్తుకు రావాలి.

సూరత్ చీర తెలియని తెలుగు ఇల్లు అరుదు. తాపీ తీరాన ఉన్న ఆ నగరంలో మరమగ్గాలు నడిపినవారిలో తెలంగాణ జిల్లాలనుండి వలసవెళ్లిన పద్మశాలీలు అనేకులు. లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో తెలుగు మాట వినబడుతుంది. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడుపుతూ వచ్చింది. మగ్గంమీద పువ్వు పూయించాలంటే ముందు దానిని గళ్ల కాగితంపై దించాలి. ఒక్కొక్క గడి పడుగు పోగును పేక పోగు దాటే చోటు. నిండిన గడి వద్ద పడుగు పైకి లేస్తుంది, ఖాళీ గడి వద్ద కిందనే ఉంటుంది. ఆ లెక్క ప్రకారం అట్టలకు రంధ్రాలు కొట్టి జకార్డుకు తగిలిస్తారు. ఫ్రాన్సులో జకార్డ్ 19వ శతాబ్ది ఆరంభంలో కల్పించిన ఈ రంధ్రాల అట్టలనే బాబేజ్ తన గణనయంత్రపు ఊహలోకి తీసుకున్నాడు కనుక, కంప్యూటరు నేతగాడికి దూరపు బంధువే. మన భాషలో మగ్గానికీ ఆటకూ పేక ఒకటే మాట కావడం కాకతాళీయమే కావచ్చు గాని, ముచ్చటైన కాకతాళీయం.

అయినప్పటికీ బంధుత్వం కడుపు నింపదు. గళ్ల కాగితం స్థానంలో తెర, అట్టల స్థానంలో ఎలక్ట్రానిక్ జకార్డు, చేతికుట్టు స్థానంలో కంప్యూటరుతో నడిచే ఎంబ్రాయిడరీ యంత్రం వచ్చినప్పుడు, పెన్సిలుతో పువ్వులు పూయించిన చెయ్యి మౌస్ పట్టవలసి వచ్చింది. పువ్వు గురించి సమస్తం తెలిసినవాడు కూడా బాణం నిలకడగా నిలపలేకపోతే, పువ్వు తెలియని కుర్రవాడి వెనుక నిలబడి ఇటు గీయి, అటు గీయి అని చెప్పుకోవలసినదే. ఒక నెలపాటు పేకాడుకునే తీరిక అతనికి ఎవరిస్తారు? ఆ తీరికకు కొందరు ఖరీదు కూడా చెల్లించారు. 2006లో న్యూయార్క్ మేయర్ మైకేల్ బ్లూమ్‌బెర్గ్ ఒక కార్యాలయంలో ఉద్యోగి తెరపై సాలిటేర్ కనబడగానే అతనిని పనిలోనుంచి తొలగించాడు. 2019లో అదే ఆటను అమెరికాలో వీడియో ఆటల కీర్తిమందిరంలో చేర్చి సన్మానించారు.

పిల్లల సంగతి వేరు. 1999లో ఢిల్లీలోని కాల్కాజీలో సుగతా మిత్రా బృందం గోడకు కన్నం చేసి కంప్యూటరు అమర్చగా, మురికివాడ పిల్లలు గురువు లేకుండానే బాణాన్ని లొంగదీసుకున్నారు. వారికి కావలసినది తీరిక కాదు, వంతు. బడిలో ఒక కంప్యూటరు చుట్టూ అయిదారుగురు మూగితే, మౌస్ బలమైనవాడి చేతిలో ఉంటుంది, మిగిలినవారు ప్రేక్షకులు. బెంగుళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధనశాలవారు దీనికి తేలికైన ఉపాయం ఆలోచించారు: ఒకే కంప్యూటరుకు అయిదు మౌస్‌లు తగిలించి, తెరమీద ఎవరి బాణం వారికి ఇచ్చారు. గ్రామీణ పాఠశాలల్లో 238 మంది పిల్లలకు ఆంగ్లపదాలు నేర్పుతూ చేసిన పరీక్షల ఫలితాలు 2007లో వెలువడ్డాయి. అయిదుగురు కలిసి పంచుకున్నప్పుడు ఒక్కొక్కరు నేర్చిన మాటలు, ఒంటరిగా ఒక యంత్రం ముందు కూర్చున్న పిల్లవాడు నేర్చిన వాటితో సమానంగా ఉన్నాయి. ఆట పందెమా, సహకారమా అన్నదానినిబట్టి మగపిల్లల చదువు హెచ్చుతగ్గులైంది. ఆడపిల్లలు మాత్రం ఏ పద్ధతిలోనైనా ఒకే తీరున నేర్చుకున్నారు.