మేడ మీద టవరు... రేటు మీద బేరం!

తూర్పు గుమ్మం, మంజీరా నీళ్లు, కారుకు చోటు... హైదరాబాద్‌లో ఫ్లాటు చూడ్డానికొచ్చిన వాళ్లకు అన్నీ నచ్చుతాయి. తీరా మేడ మీద సెల్‌ టవరు కనిపించిందా, మాట మారిపోతుంది. 'ఆలోచించుకుని చెబుతాం' అని కొందరు జారుకుంటే, 'ఇంకాస్త తగ్గించండి' అంటూ కొందరు బేరానికి దిగుతారు. సిగ్నల్‌ అందకపోతే విసుక్కునేదీ వాళ్లే మరి!

ఇంతకీ టవరుంటే ధర ఎంత పడిపోతుంది? న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో ఇళ్ల అమ్మకాలపై 2005లో వెలువడిన అధ్యయనం కొన్ని పేటల్లో సుమారు 21 శాతం తగ్గిందని తేల్చింది. అన్ని పేటల్లోనూ అలా లేదు. అదే పరిశోధకురాలు అమెరికాలోని ఫ్లోరిడాలో లెక్క తీస్తే తేడా 2 శాతం పైచిలుకే. కెంటకీ రాష్ట్రంలో వెయ్యి అడుగుల దూరంలో కంటికి కనిపించేలా యాంటెన్నా ఉంటే 1.82 శాతం తగ్గిందని 2016లో మరో అధ్యయనం చెప్పింది.

ధర తగ్గడానికి ఒక కారణం భయం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్‌ పరిశోధన విభాగం 2011లో రేడియో తరంగాలను 'క్యాన్సర్‌ కారకాలు కావచ్చు' అనే 2బి జాబితాలో చేర్చింది. ఆధారాలు పరిమితమేననీ చెప్పింది. ఆ ఆధారాలూ ప్రధానంగా చెవికి ఆనించుకునే ఫోన్ల గురించే. మన దేశం మాత్రం 2012 సెప్టెంబరు 1 నుంచి టవర్ల తరంగాల పరిమితిని అంతర్జాతీయ ప్రమాణంలో పదో వంతుకు కుదించింది.

విచిత్రం ఏమిటంటే, యాంటెన్నా తరంగాలు ఎక్కువగా ఎదురుగా సాగుతాయి, కిందికి తక్కువ. అంటే టవరున్న భవనం కన్నా ఎదురుగా అదే ఎత్తులో ఉన్న ఇంటికే అవి ఎక్కువ తగలొచ్చు. టవరు అద్దెలో ఎదురింటివారికి పైసా రాదు. అపార్ట్‌మెంట్‌లోనూ అంతే. అద్దె సంఘం ఖాతాలో పడుతుంది, అమ్మేటప్పుడు నష్టం పైఅంతస్తు యజమాని నెత్తిన పడుతుంది.

అందుకే కొనేముందు టవరు ఒప్పందం చూపించమనండి. గడువు ఎన్నేళ్లు? అద్దె ఎవరికి? జనరేటర్‌ ఎక్కడ? భవనం ఆ బరువు మోయగలదని ఇంజినీరు ధ్రువీకరించారా? తరంగాల మోతాదుపై అనుమానముంటే టెలికాం శాఖ 2017లో ప్రారంభించిన 'తరంగ్‌ సంచార్‌' పోర్టల్‌లో రుసుము కట్టి కొలిపించుకోవచ్చు. అమ్మేవాళ్లు ఆ నివేదిక ముందే తెప్పించి పెట్టుకుంటే బేరం వేళ అక్కరకొస్తుంది.