ట్రేడింగ్ సాఫ్ట్‌వేర్ సరిగ్గా 9:15కే ఎందుకు ఫ్రీజ్ అవుతుంది? మూడు మానిటర్ల సెటప్‌లో నేను చేసిన తప్పులు

మూడు మానిటర్ల ట్రేడింగ్ డెస్క్ అంటే మనలో చాలామందికి ఒక మోజు. మా బాబాయికీ అంతే. ఒక ఆదివారం కూర్చుని ఆయన డెస్క్‌టాప్‌కి మూడు మానిటర్లు నేనే బిగించాను. యూట్యూబ్ వీడియో పెట్టి చూశా, చార్టులు తెరిచి చూశా, అంతా స్మూత్‌గా ఉంది. "ఇంక తిరుగులేదు బాబాయ్" అని చెప్పి వచ్చేశా.

సోమవారం ఉదయం 9:17కి ఫోన్. "ఒరేయ్, మౌస్ కదులుతోంది గానీ సాఫ్ట్‌వేర్ కదలట్లేదురా. శుక్రవారం తీసుకున్న పొజిషన్ అలాగే ఉంది." నేను ఏదో చెప్పేలోపే రేటు జారిపోయింది. కంప్యూటర్ రీస్టార్ట్ చేసి బయటపడేసరికి నష్టం 11 వేలు. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నాకు అదే ఎక్కువ ఇబ్బందిగా అనిపించింది.

మంగళవారం 9 గంటలకే వెళ్లి ఆయన పక్కన కూర్చున్నా. ఆ వారం నేర్చుకున్నదే ఈ ఆర్టికల్.

ముందు ఒక మాట: మార్కెట్ లేనప్పుడు టెస్ట్ చేయకండి

నా మొదటి తప్పు ఇదే. ఆదివారం మార్కెట్ ఉండదు, రేట్లు మారవు, సాఫ్ట్‌వేర్‌కి పనే ఉండదు. 9:15కి మార్కెట్ తెరవగానే వందల స్క్రిప్ట్‌ల రేట్లు ఒక్కసారిగా వచ్చి పడతాయి. అసలు పరీక్ష అప్పుడే. కాబట్టి మీ సిస్టమ్‌ని 9:10 నుంచి 9:30 మధ్య గమనించండి.

ఆగిపోయింది ఏది?

• విండో పక్కకి జరుగుతోంది, మెనూలు తెరుచుకుంటున్నాయి, కానీ రేట్లు మారట్లేదు: సమస్య ఇంటర్నెట్‌ది లేదా బ్రోకర్ సర్వర్‌ది.
• మౌస్ కదులుతోంది, ఆ ఒక్క సాఫ్ట్‌వేర్ మాత్రం క్లిక్‌కి పలకట్లేదు, పైన 'నాట్ రెస్పాండింగ్' అని వస్తోంది: సమస్య ఆ ప్రోగ్రామ్‌ది.
• మౌస్ కూడా తడబడుతోంది, అన్ని విండోలూ నత్తనడకే: ర్యామ్, ప్రాసెసర్, గ్రాఫిక్స్‌లో ఏదో ఒకటి చేతులెత్తేసింది.

మొదటి రకమైతే, ఫోన్‌లో వైఫై ఆపి మొబైల్ డేటాతో బ్రోకర్ యాప్ తెరవండి. అక్కడా రేట్లు ఆగి ఉంటే మీ కంప్యూటర్ తప్పు లేదు. ఫోన్‌లో బాగానే వస్తుంటే మీ ఇంటి నెట్ చూసుకోవాలి. వైఫై మానేసి ల్యాన్ కేబుల్ వాడి చూడండి.

1. కేబుల్ ఎక్కడ పెట్టారు?

బాబాయి సీపీయూ వెనక్కి తొంగిచూస్తే నాకే నవ్వొచ్చింది. ఒక మానిటర్ గ్రాఫిక్స్ కార్డుకి, ఇంకోటి మదర్‌బోర్డు హెచ్‌డీఎంఐకి, మూడోది యూఎస్‌బీ అడాప్టర్‌కి. ఏ పోర్ట్ ఖాళీగా కనిపిస్తే దానికి పెట్టేశా!

గ్రాఫిక్స్ కార్డు గీసిన బొమ్మ మదర్‌బోర్డు పోర్ట్‌లోంచి బయటకి రావాలంటే, దాన్ని ముందు అటు కాపీ చేయాలి. అది అదనపు పని. కార్డులో పోర్టులు ఉంటే మానిటర్లన్నీ దానికే పెట్టండి. చాలా జీఫోర్స్ కార్డులు 4 డిస్‌ప్లేల వరకు నడుపుతాయి. అయితే మీ మోడల్ ఎన్నింటికి పనికొస్తుందో స్పెసిఫికేషన్లలో చూసుకోండి.

2. అసలు దొంగ: యూఎస్‌బీ అడాప్టర్

చిన్న లెక్క చేద్దాం. ఫుల్ హెచ్‌డీ స్క్రీన్‌లో దాదాపు 20.7 లక్షల పిక్సెల్స్ ఉంటాయి. ఒక్కో పిక్సెల్‌కి 4 బైట్లు అనుకుంటే ఒక ఫ్రేమ్ సుమారు 8.3 ఎంబీ. సెకనుకి 60 ఫ్రేములంటే దాదాపు 500 ఎంబీ. యూఎస్‌బీ 3.0 వేగం కాగితం మీదే సెకనుకి 625 ఎంబీ. అందుకే ఈ అడాప్టర్లు బొమ్మని కుదించి పంపుతాయి. డిస్‌ప్లేలింక్ లాంటి వాటిలో ఆ కుదించే పని మీ ప్రాసెసర్ మీదే పడుతుంది. 9:15కి చార్టులన్నీ ఒక్కసారి కదలడం మొదలైతే ప్రాసెసర్ రెండు పడవల మీద కాలు పెట్టినట్టే.

యూఎస్‌బీ-సీ అడాప్టర్లన్నీ ఇలాంటివి కావు. డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్‌తో పనిచేసేవి గ్రాఫిక్స్ సిగ్నల్‌నే నేరుగా పంపుతాయి. ప్రత్యేకంగా డ్రైవర్ ఇన్‌స్టాల్ చేయమంటే మాత్రం అనుమానించండి.

బాబాయి కార్డులో రెండు డిస్‌ప్లేపోర్టులు ఖాళీగానే ఉన్నాయి. కొన్ని వందల రూపాయలకి దొరికే డిస్‌ప్లేపోర్ట్ టు హెచ్‌డీఎంఐ కేబుళ్లు రెండు తెచ్చి పెట్టా. సగం సమస్య అక్కడే పోయింది.

3. సీపీయూ 13 శాతమే కదా అని మోసపోకండి

కంట్రోల్ + షిఫ్ట్ + ఎస్కేప్ నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. డీటెయిల్స్ ట్యాబ్‌లో మీ సాఫ్ట్‌వేర్ పేరు వెతకండి. 8 థ్రెడ్ల ప్రాసెసర్‌లో అది 12, 13 దగ్గరే అతుక్కుపోయి ఉంటే, ఒక థ్రెడ్ మొత్తం నిండిపోయిందని అర్థం. పాత తరహా ట్రేడింగ్ ప్రోగ్రామ్‌లలో రేట్లు చూపించడం, క్లిక్ అందుకోవడం ఒకే థ్రెడ్ మీద జరిగితే ఇలాగే అవుతుంది. దీనికి ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు కొన్నా లాభం లేదు. పనే తగ్గించాలి.

బాబాయి మార్కెట్ వాచ్‌లో 400 స్క్రిప్ట్‌లు, తెర మీద 14 చార్టులు, ఒక్కోదానికి నాలుగైదు ఇండికేటర్లు. "వీటిలో రోజూ చూసేవి ఎన్ని బాబాయ్?" అంటే కాసేపు ఆలోచించి "ఆరు" అన్నారు. వాచ్‌లిస్ట్‌ని 60కి, చార్టుల్ని 6కి దించాం. రేటు మారిన ప్రతిసారీ ఇండికేటర్ మళ్లీ లెక్క వేసుకుంటుందని గుర్తుంచుకోండి.

4. ర్యామ్

8 జీబీలో 92 శాతం నిండి ఉంది. ర్యామ్ చాలకపోతే విండోస్ డేటాని డిస్క్‌లోకి నెడుతుంది, అక్కడే ఆగి ఆగి నడుస్తుంది. ఇంకో 8 జీబీ స్టిక్ వేశాం. చార్టులు బ్రౌజర్‌లో చూసేవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం.

5. చిన్న సెట్టింగులు

• క్రోమ్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. చార్టులు మిణుకుమంటుంటే ఒకసారి ఆఫ్ చేసి పోల్చండి.
• మెమరీ సేవర్ వాడుతుంటే చార్ట్ సైట్‌ని మినహాయింపుల్లో పెట్టండి. లేదంటే పక్కనున్న ట్యాబ్ నిద్రపోవచ్చు.
• విండోస్ అప్‌డేట్‌లో యాక్టివ్ అవర్స్‌ని ఉదయం 8 నుంచి సాయంత్రం 5 వరకు పెట్టండి. డ్రైవర్ అప్‌డేట్లు శనివారమే.
• స్క్రీన్ బిగుసుకుపోతే విండోస్ + కంట్రోల్ + షిఫ్ట్ + బి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్ రీసెట్ అవుతుంది, ప్రోగ్రామ్‌లు మూతపడవు.

ఎంత బాగు చేసినా ఇది మర్చిపోవద్దు

ఏ కంప్యూటరైనా ఏదో ఒకరోజు ఆగుతుంది. బాబాయి స్టాప్‌లాస్ ఆయన సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది, ఎక్స్ఛేంజ్‌కి వెళ్లలేదు. సాఫ్ట్‌వేర్ ఆగేసరికి స్టాప్‌లాసూ ఆగింది. ఎక్స్ఛేంజ్‌కి చేరిన ఆర్డర్ మాత్రం మీ సిస్టమ్ ఆగిపోయినా అక్కడే ఉంటుంది. ఫోన్‌లో యాప్ లాగిన్ చేసి ఉంచండి, బ్రోకర్ డీలింగ్ నంబర్ కాగితం మీద రాసి మానిటర్‌కి అతికించండి.

ఇంకోటి. సెబీ 2024లో ఇచ్చిన అధ్యయనం ప్రకారం అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు. మానిటర్లు లేక నష్టపోయినవాళ్లు కాదు వాళ్లు. ఫాస్ట్ కంప్యూటర్ మీరు నొక్కిన బటన్‌ని టైమ్‌కి పంపుతుంది, అంతే. ఏ బటన్ నొక్కాలో అది చెప్పదు.

బాబాయి సెటప్ ఇప్పుడు 9:15కి తడబడట్లేదు. ఆ మూడో మానిటర్ మీద ఆయన ఇప్పుడు ఎక్కువగా చూస్తోంది క్రికెట్. అదీ మంచిదే అనిపించింది.