చలినేలపై నిద్ర

పర్వతసానువులయందు గుడారము వేసికొని రాత్రి గడపువానిని చలి యెటనుండి వచ్చునని యడిగినచో, అతడు సామాన్యముగ గుడారపు ద్వారమువైపు చేయి చూపును. కాని గాలి నిశ్చలముగ నున్న రాత్రియందు, మంచి స్లీపింగ్ బ్యాగులో పరుండినవాని దేహమునుండి విరామము లేక ఉష్ణమును హరించునది వాని వీపు క్రింద నున్న నేలయే. ఆ బ్యాగునందలి ఈకలుగాని కృత్రిమమైన దూదిగాని తమలో గాలిని పట్టియుంచుటవలననే వెచ్చదనము నిచ్చును; శరీరభారము క్రింద నలిగిన చోట ఆ గాలి వెలికి పోయి, పలుచని పొర మాత్రమే మిగులును. అందుచేత ఎంత వెలగల బ్యాగైనను మనిషి పైభాగమును కాపాడినట్లు క్రిందిభాగమును కాపాడజాలదు. ఆ లోటు తీర్చుటకై శిబిరవాసులు వెంట గొనిపోవు చాపలలో, వాల్వు విప్పి పరచినంతనే గాలిని లోనికి తీసికొని ఉబ్బు ఒంటిమనిషి చాప యొకటి అర్ధశతాబ్దికి పైగా వాడుకలో నున్నది. అది పనిచేయు విధమును గ్రహించినవాడు, అంగడిలో వరుసగ పేర్చియుంచిన రకములలో తనకు తగినదేదో తానే నిర్ణయించుకొనగలడు.

ఈ చాప జన్మస్థానము అమెరికా వాయవ్యమూలనున్న సియాటిల్ నగరము. 1970 ప్రాంతమున బోయింగ్ విమాన సంస్థకు పనులు తగ్గి వేలకొలది జనులు ఉద్యోగములు కోల్పోయిరి. అట్లు కోల్పోయిన ఇంజనీర్లలో జిమ్ లీ, నీల్ ఆండర్సన్ అనువారు, జాన్ బరోస్ అను మిత్రునితో కలిసి, కొండలెక్కువారి నిద్రను గూర్చి యోచింపసాగిరి. అంతకు పూర్వము శిబిరవాసికి రెండే మార్గము లుండెడివి: మెత్తగ నుండియు వెచ్చదనము నీయని గాలిపరుపు మొదటిది, వెచ్చగ నుండియు గట్టిగను, చుట్టినను పెద్దదిగను ఉండెడి ఫోము పలక రెండవది. లీ తోటపని చేయుచు మోకాళ్ల క్రింద ఫోము మెత్త నుంచుకొన్నపుడు, బరువు పడగనే దానిలోని గాలి వెలికి పోవుటయు, లేచినంతనే తిరిగి లోనికి వచ్చుటయు గమనించి, ఈ రాకపోకలను ఒక వాల్వుతో అదుపు చేయవచ్చునని తలంచెనని చెప్పుదురు. 1972లో వారు కాస్కేడ్ డిజైన్స్ అను సంస్థను స్థాపించిరి. థర్మారెస్ట్ అను పేరుతో వారు విక్రయించిన చాపయే ఈ జాతికి మూలరూపము. దానికి ముఖ్యపదార్థమైన పాలీయురథేనును 1937లో జర్మనీయందు ఒట్టో బేయర్ కనిపెట్టియుండెను.

దీని నిర్మాణము సరళము. ఫోమునందు కొన్నిరకములలో సూక్ష్మమైన గదు లొక్కొక్కటి మూతబడి యుండును. మరికొన్ని రకములలో గదులన్నియు ఒకదానిలోనికొకటి తెరచుకొని యుండును. మన చాపలోనిది రెండవ రకము. ఆ ఫోము పలకకు పైనను క్రిందను గాలి చొరని పూత పూసిన నైలాను లేక పాలియెస్టరు గుడ్డను అంతటను అతికించి, అంచులు మూసివేసి, ఒక మూలను వాల్వు నమర్తురు. ఉదయమున చాపను చుట్టునపుడు మోకాళ్లతో అదిమి గాలిని వెడలగొట్టి వాల్వు బిగింతుము. సాయంకాలమున వాల్వు విప్పి పరచినపుడు, నలిగియున్న ఫోము తన సహజరూపమునకు వచ్చుటకు యత్నించును. గుడ్డ దానికి అంటియున్నందున అదియు వెంట లేచును. లోపలి పరిమాణము పెరుగగా, 1662లో రాబర్టు బాయిలు ప్రకటించిన సూత్రము ననుసరించి లోపలి పీడనము తగ్గును. బయటి వాయుమండలము ఆ లోటును పూరించుటకై వాల్వు గుండా ప్రవేశించును. నీటిలో పిండి విడిచిన స్పంజి నీరు పీల్చునట్లే యిది గాలిని పీల్చుచున్నది. ఇందు ఖర్చగు శక్తి ఉదయమున చాపను చుట్టిన చేతులదే. ఫోము దానిని పగలంతయు దాచియుంచి సాయంకాలమున తిరిగి యిచ్చుచున్నది.

అయితే ఈ విధముగ చేరిన గాలి బయటి పీడనమును మించజాలదు. అరువది కిలోగ్రాముల మనిషి పరుండినపుడు అతని భారము ఇంచుమించు 0.4 చదరపు మీటరుపై పడునని యనుకొనినచో, ఆ భారమును మోయుటకు కావలసిన అదనపు పీడనము వాయుమండల పీడనములో ఒకటిన్నర శాతము మాత్రమే. కావుననే చాప తానుగా ఉబ్బిన పిదప నోటితో కొన్ని మార్లు ఊదిన చాలును. ఇందులో మరియొక విషయము గమనింపదగినది. సాయంకాలము 25 డిగ్రీలున్న గాలి తెల్లవారుజామున 5 డిగ్రీలకు చల్లబడినచో దాని పరిమాణము దాదాపు ఏడు శాతము తగ్గును. ఒకటిన్నర శాతముపై నిలిచిన బిగువు ఏడు శాతము తగ్గుదలను ఓర్చుకొనలేదు గనుక, నడిరేయి చాప మెత్తబడుట సహజము. చిల్లుపడెనేమో యని వెదకుటకు మునుపు, చలిపడిన తరువాత రెండు ఊపిరులు మరల ఊది చూడవలెను.

ఇక వెచ్చదనపు మాట. నిశ్చలమైన గాలి ఉష్ణమును మిక్కిలి మందముగ ప్రసరింపజేయును. దాని ఉష్ణవాహకత మీటరు-డిగ్రీకి 0.025 వాట్లు, నీటిదో 0.6 వాట్లు. కాని గాలి నిశ్చలముగ నున్నపుడే యీ గుణము. గాలిపరుపునందలి విశాలమైన గొట్టములలో, పరుండినవాడు కదలిన ప్రతిసారియు వెచ్చని గాలియు చల్లని గాలియు కలిసిపోయి, దేహపుటుష్ణమును నేలకు చేరవేయును. ఫోమునందలి సూక్ష్మమైన గదులు ఆ సంచారమును నిరోధించును. ఇట్లు ఒక చాప ఉష్ణమునకు కలిగించు అడ్డంకిని ఆర్-విలువ యను సంఖ్యచేత తెలుపుదురు. పూర్వము ఒక్కొక్క తయారీదారు తన పద్ధతిలో తాను కొలిచెడివాడు గాన, ఒకరి సంఖ్యను మరియొకరి సంఖ్యతో పోల్చుటకు వీలుండెడిది కాదు. 2018లో ఏఎస్‌టీఎం సంస్థ ఎఫ్-3340 అను ప్రమాణమును ప్రకటించిన పిదప, ఉబ్బించిన చాపను 35 డిగ్రీల వేడిపలకకును 5 డిగ్రీల చల్లని పలకకును నడుమ నుంచి కొలుచు ఏకరీతి పద్ధతి యేర్పడెను. కొనువాడు ఆ ప్రమాణము ప్రకారము కొలిచిన సంఖ్య యున్నదా యని మొదట చూచుకొనవలెను.

ఆ సంఖ్య యొక్క అర్థమును చిన్న లెక్కచే గ్రహింపవచ్చును. నిద్రించు మానవుని దేహము సుమారు 75 వాట్ల ఉష్ణము నుత్పత్తి చేయును. చర్మము 33 డిగ్రీలును నేల 5 డిగ్రీలును ఉండి, మునుపటివలె 0.4 చదరపు మీటరు తాకుచుండినచో, ఆర్-విలువ 1 గల చాపగుండా నేలకు పోవు ఉష్ణము దాదాపు 64 వాట్లు, అనగా దేహము సంపాదించినదంతయు ఇంచుమించుగ నేలపాలగును. ఆర్-విలువ 2 అయిన నష్టము 32 వాట్లు. 4 అయిన 16. 8 అయిన 8. బట్టల యడ్డమును లెక్కింపలేదు గాన యథార్థమున నష్టము కొంత తక్కువయే. కాని క్రమము మారదు. ఒకటినుండి రెంటికి పోవుటవలన 32 వాట్లు మిగులగా, నాలుగునుండి యెనిమిదికి పోవుటవలన మిగులునది ఎనిమిది వాట్లే. ఈ యెనిమిది వాట్లకై చెల్లించు ధనమును, మోయు బరువును మంచునేలపై పరుండువానికి సార్థకములే గాని తక్కినవారికి వ్యర్థములు. హెచ్చు సంఖ్య గలదే మేలైన చాపయను భ్రమ ఈ లెక్కతో తొలగిపోవును.

మెత్తదనమునకు సంబంధించిన విచారము వేరు. వెల్లకిల పరుండువాని భారము వీపంతటను పరచుకొనును గాన, రెండున్నర మొదలు నాలుగు సెంటీమీటర్ల దళసరి వానికి చాలును. ప్రక్కకు తిరిగి పరుండువాని భారము భుజమునందును తుంటియందును కేంద్రీకరించును. పలుచని చాపయైనచో ఆ చోటుల ఫోము పూర్తిగ నలిగి, ఎముక నేలను తాకినంత పని యగుటయే కాక, నలిగిన మేర ఉష్ణనిరోధమును నశించును. అట్టివారు ఐదు సెంటీమీటర్లకు తక్కువ కాని దానిని కోరవలెను. అయితే దళసరి పెరిగిన కొలది భారమును పెరుగును. సామాన్యముగ 183 సెంటీమీటర్ల పొడవు, 51 సెంటీమీటర్ల వెడల్పు గల ఒంటిమనిషి చాప పలుచనిదైనచో అరకిలో మొదలు కిలోకు లోపుగ తూగును. ఏడు మొదలు పది సెంటీమీటర్ల దళసరి గలది రెండు కిలోలు దాటుటయు కలదు. బరువు తగ్గించుటకు ఫోమునకు వరుసగ రంధ్రములు వేయుదురు. అవి చుట్టను చిన్నది చేయును గాని కొంత వెచ్చదనమును తీసికొనిపోవును. ఒకే దళసరి గల రెండు చాపలకు వేర్వేరు ఆర్-విలువ లుండుటకు ఇదియొక కారణము.

ఫోము లేక గాలితోడనే నిలుచు తేలికచాపలు నేడు అనేకము వచ్చియున్నవి; వానిలో కొన్ని లోపల మెరుపు పొరలనమర్చుటచే మంచి నిరోధమునే కలిగియున్నవి, చుట్టిన పిడికెడే యగును. వీపున సర్వమును మోసికొని రోజులకొలది నడచువానికి అవియే తగును. కాని ముల్లు గుచ్చుకొనిన క్షణమున అవి వట్టి గుడ్డలగును. ఫోము గల చాపయో, గాలి పోయినను తనలోని ఫోముతో కొంత వెచ్చదనమును నిలుపుకొనును. నడక తక్కువై నమ్మకము ముఖ్యమైన చోట దీనికే పెద్దపీట.

చోటునుబట్టి ఎన్నిక యెట్లు మారునో చూతము. సియాటిల్ పరిసరములయందలి రెడ్‌మండ్, బెల్‌వ్యూ పట్టణములలో స్థిరపడిన తెలుగు కుటుంబములు వేసవియందు 4,392 మీటర్ల రెయినీర్ పర్వతపు పాదప్రదేశమున గుడారములు వేయుట కలదు. అచట కారు గుడారము చెంతకే వచ్చును గాన బరువును లక్షింపక, దళసరి గల వెడల్పు చాపను గొనవచ్చును. వేసవి యైనను కొండనేల రాత్రి చల్లబడును గాన ఆర్-విలువ మూడు నాలుగు మధ్య నుండుట మంచిది. చింతపల్లి మన్యమందలి లంబసింగి చలిరాత్రులకును ఆ కొలతయే సరిపోవును. ఉత్తరాఖండమున 3,800 మీటర్లు మించిన కేదారకంఠ శిఖరమునకు శీతకాలమున బయలుదేరు మన యువకుల స్థితి వేరు: అచట గుడారము మంచుమీదనే వేయవలెను, ఆర్-విలువ ఐదుకు తగ్గరాదు.

ఏ చాపయైనను మన్నిక పోషణమునుబట్టియే యుండును. ఇంటివద్ద చాపను చుట్టి కట్టియుంచిన, చిరకాలము నలిగిన ఫోము తిరిగి లేచు గుణమును కోల్పోవును; వాల్వు తెరచి, పరచి యుంచవలెను. ఎండలోగాని మూసిన కారులోగాని ఉబ్బించిన చాపను వదలినచో లోపలి గాలి వ్యాకోచించి, అతుకు వేడికి మెత్తబడి, గుడ్డ ఫోమునుండి విడిపోయి బొబ్బవలె పైకి లేచును. దీనికి చికిత్స లేదు. చిల్లునకు మాత్రము సులభోపాయము కలదు: నీటిలో ముంచి బుడగలు లేచుచోటును గుర్తించి, బాగుగ ఆరనిచ్చి అతుకు వేయవలెను. చాపనంతను నోటితో ఊదుట మంచిది కాదు. మన నిశ్వాసవాయువు ఘనమీటరునకు 37 గ్రాముల నీటియావిరిని మోయును గాన, 35 లీటర్లు పట్టు చాపలో రాత్రికొక గ్రాముకు పైగా తేమ చేరి, క్రమముగ బూజునకు దారితీయును.

కావున కొనువాడు మొదట తాను పరుండు నేల యెంత చల్లనిదో, పిదప తాను పరుండు భంగిమ యెట్టిదో, తుదకు ఎంతదూరము మోయవలెనో, ఈ వరుసనే ప్రశ్నించుకొనవలెను. వరుస తప్పి మెత్తదనముతో మొదలిడినవారే చలికి వణకుదురు. ఆర్-విలువలు ఒకదానితోనొకటి కూడును గనుక, సంవత్సరమున కొక్కసారి మంచుపైకి పోవువాడు అందుకై రెండవ చాపను కొననక్కరలేదు: మూడు విలువ గల తన చాప క్రింద, రెండు విలువ గల మూతగదుల ఫోము పలక నొకదానిని పరచుకొనిన ఐదు సిద్ధించును, ముల్లు గుచ్చుకొనినను నేలకు తానొక్కడే లోబడకుండ ఆ పలకయే రక్షగ నిలుచును.