నిమ్మకాయ తెండి, చెబుతా

తాడిపత్రిలో నాపరాళ్ళ మధ్య కాపురం, పైగా సైన్సు మాస్టరుగా రిటైరైనవాణ్ణి. అందుకని ఇల్లు కట్టుకునేవాళ్ళు నా దగ్గరకొచ్చి అడిగే మాట ఒకటే: "సార్, ఈ నల్లబండ గ్రానైటేనా?" నిమ్మకాయ తెండి, చెబుతా అంటాను.

నాపరాయి అంటే సున్నపురాయే. అందులోని కాల్షియం కార్బొనేటుకూ పులుపుకూ పడదు. పాలిష్ చేసిన బండ మీద ఓ మూల నిమ్మరసం చుక్క వేసి, కాసేపాగి తుడవండి. అక్కడ మెరుపు పోయి తెల్లగా మచ్చ పడితే అది గ్రానైటు కాదు. వంటగట్టుకు అలాంటి బండ వేస్తే పులిహోర కలిపిన ప్రతిసారీ ఓ మచ్చ మిగులుతుంది. బుడగలు కళ్ళారా చూడాలంటే మేకుతో గీకి, ఆ పొడి మీద రసం పిండాలి.

ముగ్గుపిండితో ఈ తమాషా ఇంకా బాగుంటుంది. చిటికెడు పిండి మీద రసం వేస్తే బుసబుస పొంగిందా, సున్నపురాయి పొడి. ఊరుకుందా, పలుగురాయో, బలపపురాయో, బియ్యప్పిండో. బియ్యప్పిండిని చీమలు తేలుస్తాయి. మిగతా రెంటినీ వేళ్ళ మధ్య నలపండి: బలపం సబ్బులా జారుతుంది, పలుగు గరగరలాడుతుంది. అయితే డోలమైటుతో జాగ్రత్త. అది కూడా కార్బొనేటే గానీ బద్ధకస్తురాలు, నిమ్మరసానికి సరిగా పలకదు. పొంగలేదు కదా అని వెంటనే తీర్పు చెప్పకూడదు.

అందుకే రెండో సాక్షి కావాలి. పలుగురాయి గాజును గీస్తుంది, సున్నపురాయి గీయలేదు. గాజు మీద తెల్లగీత కనిపించగానే సంబరపడకండి. తడివేలితో తుడిస్తే చెరిగిపోయేది రాయి రాల్చిన పొడి, గోరుకు తగిలేదే అసలు గీత. మూడో సాక్షి బరువు. మంగంపేట ముగ్గురాయిని, అదే బెరైటీసును, చేతిలోకి తీసుకున్నవాళ్ళెవరైనా ఉలిక్కిపడతారు. 450 గ్రాముల ముక్కను దారంతో కట్టి నీళ్ళలో ముంచి తూస్తే 350 గ్రాములే తూగుతుంది. తగ్గిన 100తో 450ని భాగిస్తే 4.5. పలుగురాయికి ఇదే లెక్క 2.65 దగ్గర ఆగుతుంది.

ఇక పులుపు సంగతి. చాలామంది పసుపును నమ్ముతారు. సున్నం తగిలితే పసుపు ఎర్రబారుతుంది, పారాణి రహస్యం అదే. కానీ నిమ్మరసంలోనూ మంచినీళ్ళలోనూ అది పసుపుగానే ఉంటుంది కాబట్టి పులుపును పట్టడానికి పనికిరాదు. ఎర్రమందారం నయం. రేకల్ని వేడినీళ్ళలో నానబెట్టి వడకట్టండి. ఆ నీళ్ళు పులుపుకు నిగనిగలాడే గులాబీరంగుకూ, సబ్బునీళ్ళకు ఆకుపచ్చకూ తిరుగుతాయి. పులుపును అంకెల్లో చెప్పే పీహెచ్ కొలత 1909లో వచ్చింది. తెచ్చినాయన సోరెన్‌సన్, పనిచేసింది డెన్మార్కులో కార్ల్స్‌బర్గ్ అనే బీరు కంపెనీ వారి ప్రయోగశాలలో. ఆ కొలతలో మంచినీళ్ళు 7, నిమ్మరసం 2 దరిదాపులు. ఒక్కో మెట్టు దిగితే ఆమ్లం పదింతలు.

చౌడునేల రైతులకూ మందారం నీళ్ళే చూపిస్తాను. మట్టిని వాననీళ్ళలో కలిపి, తేరిన నీళ్ళను అందులో పోస్తే రంగు పచ్చవైపు తిరగడం చూసి తలూపుతారు. ఎకరాకు జిప్సం ఎంత వెయ్యాలో మాత్రం పువ్వు చెప్పలేదు. ఆ లెక్క కావాలంటే మట్టి సంచి పట్టుకుని భూసార పరీక్షా కేంద్రానికి వెళ్ళాల్సిందే.