సాయం అడిగితే కెరీర్‌కే ముప్పు!

2020 నుంచి 2024 వరకు ఐదేళ్లలో కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో 730 మంది ఆత్మహత్య చేసుకున్నారని కేంద్ర హోంశాఖ పార్లమెంటుకు తెలిపింది. ఇలాంటి లెక్కలు వెలువడినప్పుడల్లా సెలవుల కొరత, ఇంటి సమస్యలు, పని ఒత్తిడి చర్చకు వస్తాయి. అవన్నీ నిజమే. కానీ కుంగిపోతున్న జవాను డాక్టరు దాకా ఎందుకు వెళ్లడన్న ప్రశ్న మరుగున పడిపోతోంది.

సిగ్గుపడి వెళ్లడని సరిపెట్టుకుంటాం. సైన్యంలో జవాన్లను నడిపిన అనుభవంతో చెబుతున్నాను, వారు లాభనష్టాలు లెక్క వేసుకునే వెనకాడతారు. సైన్యంలోనూ, కేంద్ర బలగాల్లోనూ ఆరోగ్యాన్ని 'షేప్' వర్గీకరణతో కొలుస్తారు. అందులో తొలి అక్షరం 'ఎస్' మానసిక స్థితిని సూచిస్తుంది. కేంద్ర బలగాల్లో పదోన్నతికి షేప్-1 తప్పనిసరి. కేటగిరీ తగ్గితే పదోన్నతి ఆగుతుంది, చేతికి ఆయుధం ఇవ్వరు. ప్రాణరక్షణకు ఆ జాగ్రత్త అవసరమే. అయితే గార్డు డ్యూటీ నుంచి తప్పించిన రోజే సంగతి బ్యారక్ అంతటికీ తెలిసిపోతుంది.

సైన్యంలో మరో చిక్కుంది. జవానును సైకియాట్రిస్టుకు చూపించాలంటే అతడి ప్రవర్తనపై కమాండింగ్ అధికారి ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-10 పత్రంలో నివేదిక రాయాలి. వైద్యుడికి అది ఉపయోగమే. కానీ ఆ కాగితం యూనిట్ ఆఫీసు నుంచే కదులుతుంది. అందుకే నిద్రపట్టని జవాను నడుం నొప్పి అంటాడు, మనసు బాగాలేనివాడు కడుపులో మంట అంటాడు. 'సాబ్, ఏ వార్డుకైనా పంపండి, ఆ వార్డుకు మాత్రం వద్దు' అని నన్ను బతిమాలిన హవల్దార్లున్నారు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షన్ రోగి గోప్యతకు భరోసా ఇస్తోంది. టెలి-మానస్ 14416 నంబరుకు ఎవరైనా ఫోన్ చేయవచ్చు. సైనికుల కోసం పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో ప్రత్యేక విభాగమూ ఉంది. ఇవి మంచి అడుగులే. కానీ ఫోన్ తర్వాతి మెట్టు ఆస్పత్రి. అక్కడ మళ్లీ అదే పత్రం, అదే కేటగిరీ.

తొలి దశ కౌన్సెలింగ్‌ను సర్వీసు రికార్డుకు ఎక్కించకూడదు. కౌన్సెలర్లు యూనిట్ అజమాయిషీకి వెలుపల ఉండాలి. ప్రాణాపాయం ఉన్నప్పుడే విషయం కమాండరుకు చేరాలి. స్వయంగా చికిత్సకు వచ్చి కోలుకున్నవారికి పదోన్నతిలో నష్టం రాకుండా చూడాలి. కేటగిరీ కాపాడుకోవడానికి జవాను జబ్బు దాచుకుంటున్నంతకాలం, కాగితాల మీద షేప్-1గా కనిపించే దళం నిజంగా ఎంత దృఢంగా ఉందో ఏ కమాండరుకూ తెలియదు.