నిజమనిపించే బొమ్మ మనసుకు హత్తదెందుకు?

2019 మార్చిలో హైదరాబాదు గచ్చిబౌలిలోని ఎ.ఎం.బి. సినిమాహాలులో నటుడు మహేశ్‌బాబు మైనపు ప్రతిమను ప్రజలు చూడటానికి ఉంచారు. తరువాత దానిని సింగపూరులోని మేడమ్ టుస్సాడ్స్ ప్రదర్శనశాలకు చేర్చారు. అట్టి ప్రతిమ పక్కన నిలబడి ఫోటో తీయించుకోవటం ఎవరికైనా ముచ్చటే. కాని అంతే నిజమనిపించే బొమ్మను అడుగు ఎత్తున చేసి అమ్మజూపినప్పుడు, సినిమా బొమ్మలు సేకరించే అభిమాని ఒక్కొక్కసారి పెదవి విరుస్తాడు. ముక్కు ముక్కే, కన్ను కన్నే. అయినా ఏదో లేదంటాడు. ఆ లేనిదేమిటి?

కాంతి చేసే పని

మన చర్మం గోడ వంటిది కాదు. దానిమీద పడిన కాంతిలో కొంత భాగం లోపలికి చొచ్చుకొనిపోయి, అక్కడ చెదరి, రక్తపు ఎరుపును కలుపుకొని, మరొక చోట బయటికి వస్తుంది. ముఖానికి జీవకళ నిచ్చేది ఈ కాంతే. రంగు పూసిన బొమ్మలో కాంతి చాలవరకు పైపొర నుండే తిరిగివస్తుంది. మైనంలో కాంతి కొంత లోపలికి పోగలదు. ముఖాల ప్రతిమలకు మైనాన్ని వాడటంలో ఉన్న సౌలభ్యం ఇదే.

కొలతల చిక్కు

ఆరడుగుల నాయకుని ఆరోవంతుకు తగ్గిస్తే బొమ్మ ఒక అడుగు ఉంటుంది. మనిషి వెంట్రుక మందం సుమారు 0.07 మిల్లీమీటరు. అదే లెక్కన బొమ్మ వెంట్రుక 0.012 మిల్లీమీటరు ఉండవలె. అంత సన్నని పోగు నిలవటం కష్టం. బట్ట సంగతీ అంతే. అంగీ చిన్నదైనంత మాత్రాన నూలుపోగు సన్నబడదు. కనుక పంచె కుచ్చిళ్లు జారవలసిన చోట బిర్రబిగుసుకొని నిలుస్తవి. ముఖం ఎంత నిజంగా ఉంటే, ఈ తేడాలు అంత కొట్టవచ్చినట్లు కనబడుతవి.

మోరీ చెప్పిన లోయ

జపాను ఆచార్యుడు మసాహిరో మోరీ 1970లో యంత్రమానవులను గురించి ఒక ఊహ ప్రతిపాదించాడు. బొమ్మ మనిషిని పోలినకొద్దీ మనకు దానిపై ఇష్టం పెరుగుతుంది. కాని పోలిక దాదాపు పూర్తి అయ్యే చోట ఆ ఇష్టం ఒక్కసారిగా లోయలోకి జారి, జంకుగా మారుతుంది. బొమ్మను బొమ్మగా చూచినంతసేపు మనం లోపాలు వెదకము. మనిషిగా చూడటం మొదలుపెట్టగానే కదలని కనుపాప, ఆగిపోయిన ఊపిరి కనబడుతవి. 2009లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు కోతులకు కొన్ని ముఖాలు చూపించారు. అవి నిజమైన ముఖాలను, స్పష్టంగా కృత్రిమమైన ముఖాలను ఎక్కువసేపు చూచినవి. నిజానికి చేరువలో ఉన్న కృత్రిమ ముఖాలనుండి చూపు తొందరగా తిప్పుకొన్నవి.

గుర్తు పెరిగితే ఇష్టం పెరుగుతుంది

సముద్రపు కాకి పిల్ల, తల్లి ముక్కుమీది ఎర్రని మచ్చను పొడిచి ఆహారం అడుగుతుంది. టింబర్గెన్ అనే శాస్త్రజ్ఞుడు దాని ఎదుట తల్లి తలను పోలిన బొమ్మను పెట్టి చూచాడు. కొనన మూడు తెల్లపట్టీలున్న సన్నని ఎర్రపుల్లను కూడా పెట్టి చూచాడు. పిల్లలు పుల్లనే ఎక్కువసార్లు పొడిచినవి! పోలిక కన్న గుర్తు బలమైనదన్నమాట. మెదడును పరిశోధించిన వి.ఎస్. రామచంద్రన్ 1999లో విలియం హిర్‌స్టీన్‌తో కలిసి, కళలోనూ ఇట్టి సూత్రమే పనిచేస్తుందని వాదించాడు. వస్తువుకు ప్రత్యేకమైన లక్షణాన్ని పెంచి చూపేవాడు చిత్రకారుడు.

1957లో వచ్చిన ‘మాయాబజార్’లోని ఘటోత్కచుడు మనకు గుర్తున్నది ఎస్.వి. రంగారావు చర్మరంధ్రాల వల్ల కాదు. గద, మీసాలు, విరుచుకొన్న ఛాతీ వల్ల. సినిమాలో అతడు కదులుతాడు, నవ్వుతాడు. ప్రతిమ ఒక్క క్షణాన్నే పట్టుకోగలదు. శిల్పి ఆ క్షణాన్ని సరిగా ఎన్నుకోకపోతే, నటుని ముఖం మిగులుతుంది గాని పాత్ర మిగలదు. అభిమాని కొనదలచింది పాత్రను.

కొండపల్లి పనివారికి ఈ సంగతి చేతిలోనే ఉన్నది. వారు తెల్లపొణికి కర్రను చెక్కి, చింతగింజల పిండిలో రంపపుపొట్టు కలిపి అతికి, కుంచెతో నాలుగు గీతలలో కనుముక్కు తీరు తెలుస్తారు. ఆ బొమ్మ మనిషినని చెప్పుకోదు. కనుక మనం దానిని శంకించము, మిగిలినది మనమే ఊహించుకొంటాము. సంక్రాంతికి బొమ్మల కొలువులో ఏటేటా అదే బొమ్మను పెట్టినా విసుగు పుట్టదు. యంత్రమానవులను చేసేవారికి మోరీ ఇచ్చిన సలహా కూడ ఇదే: పూర్తి పోలిక కోసం ప్రాకులాడి లోయలో పడేకన్న, దానికి ఇవతలి శిఖరం మీదనే ఆగటం మేలు.